నాలుగో పేజీలో పదకొండు పేర్లు

ఏంజెలిన్ టైపు నేర్చుకున్నది ఉదయగిరి బస్టాండు వెనక ఒక రేకుల షెడ్డులో. లోయరు, హయ్యరు రెండూ ఒకే ఏడాది పాసయింది. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి లిదియమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి ఆమెను డిగ్రీ దాకా చదివించింది. డిగ్రీ చేతికొచ్చిన నెలలోనే ఆత్మకూరులో ఊటబావి సేవాసంఘం అనే స్వచ్ఛంద సంస్థలో టైపిస్టు ఉద్యోగం దొరికింది. పొద్దున ఆరున్నర బస్సెక్కి దుత్తలూరు మీదుగా ఆత్మకూరు, సాయంత్రం అదే దారిన మళ్ళీ ఉదయగిరి. అట్లా పద్నాలుగేళ్ళు తిరిగింది. కండక్టర్లు మారారు, బస్సులు మారాయి. ఆమె సీటు మాత్రం డ్రైవరు వెనక కిటికీ పక్కనే. ఒళ్ళో ఎప్పుడూ ఒక ఫైలు.

ఆ ఫైల్లో ఉండేవి ప్రపోజళ్ళు. ఎక్కడో బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండే ఫౌండేషన్లకు, మా మెట్ట ఊళ్ళకు ఇది కావాలి, ఇందుకు కావాలి, ఇట్లా చేస్తాం అని రాసి పంపే కాగితాలు. సంస్థ డైరెక్టరు సురేంద్రబాబుకు మాట్లాడటం బాగా వచ్చు. ఆదివారం చర్చిలో ముందు బెంచీ ఆయనదే, తెల్ల చొక్కా మడత నలగదు. రాయడం మాత్రం రాదు. "ఈడ ఒక మంచి పాయింటు పెట్టమ్మాయ్" అని గాల్లో చెయ్యి తిప్పేవాడు. చెయ్యి తిప్పిన చోట ఏముండాలో ఏంజెలిన్ కనుక్కునేది. ఊళ్ళకు పోయి అడిగేది, రాసేది, టైపు కొట్టేది. మరుసటి ఏడాది ఇంకో ఫౌండేషను పిలిస్తే, పాతదాంట్లో సంవత్సరం మార్చి పంపమనేవాడు. ఆమె మార్చేది కాదు, మళ్ళీ పోయి మళ్ళీ రాసేది. ఆ సంగతి ఆయనకు తెలియదు, ఎందుకంటే పంపిన వాటిని ఆయన చదివేవాడు కాదు.

పందొమ్మిది రాస్తే తొమ్మిదింటికి గ్రాంటు వచ్చింది. ఈ పనిలో ఉన్నవాళ్ళను అడిగితే అది మామూలు సంగతి కాదంటారు. తొమ్మిదింటి అట్టల మీదా 'రచన, రూపకల్పన: సురేంద్రబాబు' అని ఆమే తన చేత్తో కొట్టింది.

అంతకంటే పాడు మాట ఇంకొకటి కూడా ఆమె చేత్తోనే కొట్టింది. దుత్తలూరుకు ఇవతల ఒక చెరువు కింద తూముకాడ అనే కాలనీ ఉంది. నీళ్ళుంటే చేపలు పట్టుకుంటారు, నీళ్ళు లేకపోతే కంపచెట్లు కొట్టి బొగ్గుల బట్టీల్లో కూలికి పోతారు. ఆరేళ్ళ కింద ఆ కాలనీకని వచ్చిన గ్రాంటులో నలభై ఆరు కుటుంబాలకు నలభై ఆరు వలలు. స్టేజీ కట్టారు, వలలు పంచారు, ఒక్కొక్కరి చేతుల్లో వల పెట్టి ఫోటో తీశారు. ఫోటోలయ్యాక, సంస్థ పేరు అచ్చు వేయించి మళ్ళీ ఇస్తామని చెప్పి వలలన్నీ జీపులో ఎక్కించుకు పోయారు. తిరిగి రాలేదు. చెరువును వేలంపాటలో పాడుకున్న కాంట్రాక్టరు మనుషులు ఆ వలలతో చేపలు పట్టడం కాలనీ వాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. ఏడాది చివర ఫౌండేషను వాళ్ళు వలల సంగతి అడిగారు. సురేంద్రబాబు కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు, ఏంజెలిన్ కొట్టింది: లబ్ధిదారులు వలలను అమ్ముకుని తాగుడుకు వాడుకున్నారు. కొట్టేటప్పుడు ఆమె వేళ్ళు ఆగాయి. అయినా కొట్టింది. ఉద్యోగం.

రెండేళ్ళ కింద, పదో గ్రాంటు కోసం రాస్తున్నప్పుడు, అట్ట మీద తన పేరు కూడా వేయమని మొదటిసారి అడిగింది. సురేంద్రబాబు అప్పుడేమీ అనలేదు. నెల తిరక్కుండా, బయటినుంచి వచ్చిన పెద్దమనుషులు అన్నం తింటున్న చోట అందరూ వినేలా అన్నాడు. "మా టైపిస్టు పిల్లకి కూడా పేరు కావాలంట. కొట్టే చేతికి ఆలోచన యాడుంటాదండీ?" అందరూ నవ్వారు. వాళ్ళలో ఆమె రాసిన ప్రపోజళ్ళు చదివి మెచ్చుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. మరుసటి నెలలో ఆమె కుర్చీలో ఆయన అన్న కూతురు జెస్సీ కూర్చుంది. ఫైళ్ళు కనపడటం లేదని, ఏంజెలిన్ ఇంటికి పట్టుకుపోయిందని చర్చి మెట్ల మీద ఒక మాట బయల్దేరింది. ఆ మాట ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత ఆమె ఉదయగిరిలో ఒక జిరాక్సు షాపులో కూర్చుని ఆధార్ ఫారాలు, పింఛను అర్జీలు కొట్టింది. రెండేళ్ళు నోరెత్తలేదు. లిదియమ్మ కూతురు మర్చిపోయిందనుకుంది. ఏంజెలిన్ మర్చిపోలేదు, అవకాశం కోసం చూస్తోంది.

క్రిస్మస్ ముందు వారం అది వచ్చింది. బెంగళూరు ఫౌండేషను ఒకటి, మెట్ట ప్రాంతాల చెరువుల మీద బతికేవాళ్ళ కోసం మూడేళ్ళ గ్రాంటు ప్రకటించింది. నెల్లూరు జిల్లా పడమటి మండలాలన్నిటికీ కలిపి ఒక్కటే. గడువు జనవరి ముప్పై ఒకటి. ఊటబావి సంఘానికి అప్పటికి ఏడాదిగా గ్రాంటు లేదని, ఇది రాకపోతే ఆఫీసుకు తాళమేనని ఆమెకు తెలుసు. సంస్థలకే కాదు, రిజిస్టరయిన సహకార సంఘాలకూ అర్హత ఉందని ప్రకటన చివర చిన్న అక్షరాల్లో ఉంది. ఆ వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివి, షాపు మధ్యాహ్నమే మూసి స్కూటీ తీసింది.

తూముకాడ చేపల సహకార సంఘానికి అధ్యక్షురాలు తిరుపాలమ్మ. మొగుడు వెంగయ్య పోయాక ఆ పదవి ఆమెకు వచ్చింది. చదువు లేదు. కానీ రిజిస్ట్రేషను కాగితాన్ని ఏటేటా నెల్లూరు పోయి రెన్యువలు చేయించి, రేకు పెట్టెలో పెట్టుకుని ఉంది. ఏంజెలిన్ వచ్చిన పని చెప్పింది. తిరుపాలమ్మ ఎండు చేపలు తిరగేస్తూ విన్నది, తల ఎత్తలేదు.

"తాగినామని రాసింది నువ్వేగదా ఏంజిలమ్మా."

"ఆయన చెప్పినాడు, నేను కొట్టినాను."

"కొట్టినావు గదా."

"కొట్టినానక్కా."

తిరుపాలమ్మ ఇంకో రెండు వరసల చేపలు తిప్పింది. సాయం కోసం వచ్చావా, ఆయన మీద కసితో వచ్చావా అని అడిగింది. ఏంజెలిన్ కసితోనే అంది. ఆ జవాబుకు తిరుపాలమ్మ మొదటిసారి ఆమె మొహం చూసింది. "అయితే రా. సాయం చేస్తామని వచ్చినోళ్ళందరినీ చూసినాం."

నెల రోజులు పని. ప్రపోజల్ చదివేవాళ్ళు ఎట్లా చదువుతారో ఏంజెలిన్‌కు తెలుసు. రోజుకు యాభై అరవై చూస్తారు, మొదటి పేజీలో ఊరు కనపడకపోతే రెండోది తిప్పరు. మూడో పేజీలో నలభై ఆరు అని, పదో పేజీలో నలభై ఎనిమిది అని ఉంటే పక్కన పడేస్తారు. పేదరికం, వెనుకబాటుతనం అనే మాటలు వాళ్ళకు విని విని చెవులు కాయలు కాశాయి. అందుకని ఆమె చెరువు తూము దగ్గర కూర్చుంది. తూముకు తొమ్మిది రాతి మెట్లు. ఏ నెలలో ఎన్ని మెట్లు మునుగుతాయో కాలనీ ఆడవాళ్ళను అడిగింది. వాళ్ళు తడుముకోకుండా చెప్పారు. కార్తీకంలో వానలు పడితే ఏడు, సంక్రాంతికి ఆరు, ఉగాదికి మూడు, రోహిణికి ఒట్టి బురద. ఏ మెట్టు దాకా నీళ్ళుంటే ఏ చేప, ఎన్నో మెట్టుకు దిగితే ఎవరు బట్టీలకు పోతారు, అదంతా పట్టిక వేసింది. చెరువు పాట సంఘమే పాడుకోవడం, మూడో మెట్టుకు ముందే పట్టడం అయిపోయేలా చేపపిల్లను వదలడం, వలలు, ఐసు పెట్టెలు, తూము మరమ్మతు, ఒకదాని వెనక ఒకటి ఎందుకు వస్తాయో ఆ మెట్లే చెప్పాయి.

తర్వాత మనుషుల జాబితా. వలలు పంచిన రోజు ఇచ్చిన పాత జాబితా జిరాక్సు తిరుపాలమ్మ పెట్టెలో ఉంది. అది ఆరేళ్ళ కింద ఏంజెలిన్ కొట్టిందే. ఇంటింటికీ పోయి సరిచూస్తే అందులో పదకొండు మంది లేరు. బట్టీ పొగకు ఊపిరితిత్తులు చెడినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, కిడ్నీలు పోయినవాళ్ళు. వెంగయ్య అందులో ఒకడు. ఆమె పదకొండు పేర్లూ తీసేసి, వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడున్నవాళ్ళ పేర్లు చేర్చింది.

ఫారం పన్నెండు పేజీలు దాటకూడదని నిబంధన. ఆమెది సరిగ్గా పన్నెండు వచ్చింది. నాలుగో పేజీ ఆమె గురించి: చదువు, పద్నాలుగేళ్ళ అనుభవం, గ్రాంటు తెచ్చిన తొమ్మిది ప్రాజెక్టుల పేర్లు, కింద 'రచన, రూపకల్పన: ఏంజెలిన్'. ఆ పేజీని ఆమె ఐదారుసార్లు దిద్దింది.

జనవరి ఇరవై మూడున బడ్జెటు కాగితాల మీద ఆడిటరు సంతకానికి ఆత్మకూరు పోయింది. తిరిగొస్తూ బస్టాండు దగ్గర ఊటబావి సంఘం డ్రైవరు సైమన్ టీ తాగుతూ కనపడ్డాడు. గ్లాసు పట్టుకున్న చేతి బొటనవేలు నీలం. రెండో చెయ్యి చూసింది. అదీ నీలమే.

"ఎన్ని ఏసినావు సైమన్?"

సైమన్ దాచలేదు. "నలభై ఆరు మేడమ్. కుడిది సగం, ఎడమది సగం. వేళ్ళు నొప్పి పుట్టినాయి."

"ఏ ఊరికి?"

"తూముకాడ. నువ్వు కొట్టిన లిస్టేగదా, కంప్యూటర్లో ఉండాది. బంగారం లాంటి లిస్టు, ఒక్క తప్పు లేదు అన్నాడు సార్."

ఏంజెలిన్ అతని టీకి కూడా తనే డబ్బులిచ్చి బస్సెక్కింది. సురేంద్రబాబు పాతదాంట్లో సంవత్సరం మార్చాడు. ఈసారి అడ్డం పడి మళ్ళీ ఊరికి పోయేవాళ్ళు ఎవరూ లేరు. చచ్చిపోయిన పదకొండు మంది చేత ఈ జనవరిలో వేలిముద్రలు వేయించాడు. ఒక్క ఫోను కొట్టి, సార్, ఆ జాబితా పాతది, మార్చుకోండి అంటే సరిపోయేది. ఫోను చేతిలోనే ఉంది. దుత్తలూరు దాటేదాకా దాన్ని చేతిలో పట్టుకునే కూర్చుంది. ఉదయగిరిలో దిగేటప్పుడు సంచిలో వేసుకుంది.

ఇంటికి పోయి తన గురించిన నాలుగో పేజీని తీసేసింది. ఆ స్థానంలో ఇంకో పేజీ కొట్టింది. ఏ ఫారమూ అడగని పేజీ. 'ఆరేళ్ళ కింద ఇదే చెరువు పేరు మీద సాయం వచ్చినప్పుడు ఉండి, ఇప్పుడు లేనివాళ్ళు' అని పైన శీర్షిక. కింద పదకొండు పేర్లు, అప్పటి వయసు, పోయిన నెల, ఎట్లా పోయారో ఒక్కొక్క ముక్క. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అట్ట మీద తూముకాడ చేపల సహకార సంఘం అని మాత్రమే ఉంది.

అన్నం పెడుతూ లిదియమ్మ, సంగతి విని, సురేంద్రబాబును దేవుడికి వదిలేయమని చెప్పింది. తను ఆయన కోసం రోజూ ప్రార్థన చేస్తున్నానంది.

"దేవుడికి గడువు లేదు మా. నాకు ముప్పై ఒకటో తేదీ ఉండాది."

ఏప్రిల్ రెండో వారంలో ఫౌండేషను నుంచి సుకన్య అనే ఆఫీసరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, కాటను చీర, భుజాన బ్యాగు. ఒకే చెరువు గురించి రెండు ప్రపోజళ్ళు వచ్చాయి కాబట్టి ఇద్దరినీ ఒకే రోజు అక్కడికే రమ్మంది. సురేంద్రబాబు కారులో పూలదండతో వచ్చాడు. ఏంజెలిన్‌ను చూసి, ఇంకెవరో ఉన్నట్టు పక్కకు చూశాడు. ఆడవాళ్ళు తూము గట్టు మీద కూర్చున్నారు. సుకన్య ముందు తూము దగ్గరికి దిగి మెట్లు లెక్కపెట్టింది. రెండు మునిగి ఉన్నాయి, మూడోది తడిగా ఉంది. తన కాగితం చూసుకుని తల ఊపింది. సురేంద్రబాబు వెనకనుంచి, ఏడాది పొడవునా చేపల పెంపకానికి ఈ చెరువు చాలా అనుకూలం అని చెప్పాడు. ఆమె గట్టెక్కి బ్యాగులోంచి జాబితా తీసింది.

"సురేంద్రబాబు గారూ, ఇది మీరు పంపిన జాబితా. పేర్లు చదువుతాను. ఉన్నవాళ్ళు పలుకుతారు. అంతే కదా?"

"తప్పకుండా మేడమ్. అందరూ మనవాళ్ళే."

"మాలకొండమ్మ."

గట్టు చివర, వాళ్ళమ్మ ఒళ్ళోంచి మూడేళ్ళ పిల్ల లేచి నిలబడింది. ముక్కు కారుతోంది, చేతిలో బిస్కెట్టు. ఆ పిల్ల అంగన్‌వాడీలో అశ్విత, ఇంట్లో మాత్రం పోయిన అవ్వ పేరు. ఎవరు పిలిచినా పలకమని నేర్పారు. పలికింది.

సుకన్య కాగితం చూసింది, పిల్లను చూసింది. "ఇందులో యాభై ఎనిమిదేళ్ళని ఉంది. చేపల వేట అని ఉంది. జనవరి ఇరవై రెండున వేలిముద్ర వేసినట్టుంది."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. సురేంద్రబాబు మొహం తుడుచుకుని, ఆఫీసులో పిల్లలు ఏదో కలిపేసి ఉంటారని, ఊళ్ళో ఒకే పేరు పదిమందికి ఉంటుందని చెప్పాడు. సుకన్య విన్నది. తర్వాతి పేరు చదివింది.

"వెంగయ్య."

ఎవరూ పలకలేదు. తిరుపాలమ్మ కొంగు సర్దుకుంది. "ఆయన రాలేడు మేడమ్. అవతల గట్టు కింద పూడ్చినాం. నాలుగేళ్ళయింది."

ఆ తర్వాత సుకన్య పేర్లు చదవడం మానింది. సహకార సంఘం ప్రపోజల్ నాలుగో పేజీ తీసి, సురేంద్రబాబు జాబితా పక్కన పెట్టుకుని, పెన్సిలుతో పదకొండు గీతలు గీసింది. గీత గీతకూ ఆగి ఆయన వైపు చూసింది. ఏంజెలిన్ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే రుచి పోతుందని ఆమెకు తెలుసు. పద్నాలుగేళ్ళు ఆయన చెయ్యి గాల్లో తిరగడం చూసింది. ఆ రోజు ఆ చెయ్యి జేబులో రుమాలు కోసం వెతుక్కుంటూ ఉంది. అది చాలాసేపు చూసింది.

మే నెలలో గ్రాంటు తూముకాడ సంఘానికి వచ్చింది. ఏంజెలిన్ కోఆర్డినేటరు. ఊటబావికి వచ్చింది వేరే కాగితం. తప్పుడు వేలిముద్రల మీద సంజాయిషీ ఇవ్వాలి, దానికి తూముకాడ సంఘం నుంచి అభ్యంతరం లేదనే ఉత్తరం జత చేయాలి. లేకపోతే మిగతా ఫౌండేషన్లకూ తెలియపరుస్తాం అని.

సురేంద్రబాబు జూన్ మొదట్లో వచ్చాడు. చెరువు ఎండి నెర్రెలు చీలింది. గట్టు కింద సంఘం రేకుల గదిలో ఏంజెలిన్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది, పక్కన కొత్త ప్రింటరు. తిరుపాలమ్మ గోడకానుకుని వల అల్లుతోంది. ఆయనకు ఎవరూ కుర్చీ వేయలేదు. ఆయనే ఒక ఐసు పెట్టె లాక్కుని కూర్చున్నాడు. పాతవన్నీ మర్చిపోదామన్నాడు, ఒకే చర్చి వాళ్ళమన్నాడు. జెస్సీకి రాయడం రాదని, ఈ సంజాయిషీ, ఆ ఉత్తరం రెండూ ఏంజెలినే ఒక మంచి పద్ధతిలో రాసి పెట్టాలని, చెయ్యి గాల్లో తిప్పాడు.

"నేను టైపిస్టును గదా సార్. ఆలోచన మీది. చెప్పండి, కొడతాను."

ఆయన మొదలుపెట్టాడు. అనివార్య కారణాల వల్ల, అన్నాడు. ఆమె కొట్టింది. సిబ్బంది పొరపాటు, అన్నాడు. కొట్టింది. తర్వాత మాట రాలేదు. ఆమె వేళ్ళు మీటల మీద పెట్టుకుని ఎదురు చూసింది. ఆయన తడుముకున్నది తడుముకున్నట్టే, సగం విరిగిన వాక్యం విరిగినట్టే కొట్టింది. ఎక్కడా ఒక్క అక్షరం బాగుచేయలేదు. అరగంటకు ఏడు వరసలు తయారయ్యాయి. బడి పిల్లకాయ చూసినా నవ్వేటట్టు ఉన్నాయి.

"వలల సంగతి రాలేదు సార్," అంది.

"దానికీ దీనికీ సంబంధం ఏందమ్మాయ్?"

"ఉత్తరం కావాలంటే సంబంధం ఉండాది."

తిరుపాలమ్మ అల్లిక ఆపింది. బయట ఎండ రేకుల మీద పడి గది కుంపటిలా ఉంది. సురేంద్రబాబు తలుపు వైపు చూశాడు, కారు వైపు చూశాడు. చివరికి నేల చూస్తూ చెప్పాడు. "తూముకాడ వాళ్ళు వలలు అమ్ముకోలేదు. తాగలేదు. మేమే ఇవ్వలేదు."

ఆరేళ్ళ కింద ఆగిన వేళ్ళు ఈసారి ఆగలేదు. ప్రింటు తీసి తిరుపాలమ్మకు చదివి వినిపించింది. తిరుపాలమ్మ ఇంకోసారి చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. సురేంద్రబాబు పెన్ను తీసి రెండు కాపీల మీదా గబగబా సంతకం పెట్టి లేచాడు.

తిరుపాలమ్మ రేకు పెట్టె తెరిచి, సంఘం ఇంకు ప్యాడు తీసి ఐసు పెట్టె మీద పెట్టింది.

"చదువుకున్నవాడిని తిరుపాలమ్మా. సంతకం పెట్టినాను గదా," అన్నాడు ఆయన.

"మా వాళ్ళ పేరున శానా ఏయించినావు. ఒకటి నీ పేరున ఎయ్యి."

ఆయన ఏంజెలిన్ వైపు చూశాడు. ఆమె ప్యాడు మూత తీసి ఆయన ముందుకు జరిపింది. రెండు కాపీల మీదా రెండు వేలిముద్రలు. రెండోది అలుక్కుపోతే, సరిగా పడలేదు సార్ అని ఇంకోటి వేయించింది. అప్పుడు ఇచ్చింది అభ్యంతరం లేదనే ఉత్తరం. అది పొద్దున్నే కొట్టి పెట్టుకుంది, నాలుగే వరసలు.

గదిలో గుడ్డ ఉంది, కుండలో నీళ్ళున్నాయి. ఎవరూ ఇవ్వలేదు. సురేంద్రబాబు నీలం బొటనవేలును తెల్ల చొక్కాకు తగలకుండా దూరంగా పట్టుకుని, ఎడమ చేత్తో కారు తలుపు తీసుకున్నాడు. స్టీరింగు ముందు సైమన్ ఆ వేలు చూసి, తన వేళ్ళు చూసుకుని, అద్దం వైపు మొహం తిప్పుకున్నాడు. కారు గట్టు మలుపు తిరిగేదాకా ఏంజెలిన్ వాకిట్లోనే నిలబడి చూసింది. తర్వాత లోపలికి పోయి, ఒక కాపీని తిరుపాలమ్మ పెట్టెలో, రిజిస్ట్రేషను కాగితం కింద పెట్టింది.